టెన్నిస్ ఛాంపియన్ ఎప్పుడు తప్పుకోవాలో సాధనలోనే తెలుస్తుంది

భారత టెన్నిస్ డబుల్స్ ఆటగాడు రోహన్ బోపన్న 2025 నవంబరులో, 45 ఏళ్ల వయసులో, ఆటకు వీడ్కోలు పలికిన నేపథ్యంలో బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకుడు మూడు ప్రశ్నలు అడిగారు. గొప్ప ఆటగాడు శిఖరాన ఉండగానే తప్పుకోవడం మేలా, ఆడగలిగినంత కాలం ఆడటం మేలా అన్నది మొదటి ప్రశ్న. 38 ఏళ్లు దాటినా ఆడుతున్న నొవాక్ జకోవిచ్ వంటివారు కుర్రవాళ్లకు దక్కవలసిన చోటును పట్టుకొని కూర్చున్నారా అన్నది రెండోది. తప్పుకొనే వేళ వచ్చిందని ఆటగాడికి ఎవరు చెప్పాలన్నది మూడోది. చెన్నైలో చాలా ఏళ్లుగా టెన్నిస్ ఆటగాళ్ల ఫిట్‌నెస్ శిక్షణ చూస్తున్నవాణ్ని కనుక, ఈ మూడింటికీ నా అనుభవం మేరకు సమాధానం చెబుతాను.

ముందుగా నా అభిప్రాయం. వయసును బట్టి గానీ, ఓటములను బట్టి గానీ ఈ నిర్ణయం తీసుకోకూడదు. ఒక మ్యాచ్‌కూ మరో మ్యాచ్‌కూ నడుమ, ఒక సీజన్‌కూ మరో సీజన్‌కూ నడుమ చేయవలసిన సాధనను ఆ ఆటగాడి శరీరం ఇంకా చేయనిస్తున్నదా లేదా అన్నది చూడాలి. సాధన సాగుతున్నంత కాలం ఓటమికి కారణం వెతికి సరిదిద్దుకొనే అవకాశం మిగిలి ఉంటుంది. సాధన ఆగిపోయిన తర్వాత ఎప్పుడైనా ఒక గెలుపు వచ్చినా అది వెనకటి శ్రమ ఫలమే తప్ప, రేపటి మ్యాచ్‌కు అది భరోసా ఇవ్వదు.

ఈ మాట ఎందుకంటున్నానో అర్థం కావాలంటే, వయసుతో పాటు టెన్నిస్ ఆటగాడిలో ఏది ముందు తగ్గుతుందో, ఏది చివరి దాకా నిలుస్తుందో తెలియాలి. సర్వ్ చాలాకాలం నిలుస్తుంది, ఎందుకంటే టెన్నిస్‌లో ప్రత్యర్థి కొట్టిన బంతి కోసం ఎదురుచూడకుండా, నిలబడిన చోటి నుంచి, తన తీరికలో తాను మొదలుపెట్టుకొనే దెబ్బ అదొక్కటే. భుజం బాగున్నంత వరకు, మెళకువ సరిగా ఉన్నంత వరకు ముప్పై అయిదేళ్ల వయసులో కూడా సర్వ్ వేగం పెద్దగా పడిపోకపోవచ్చు. ప్రత్యర్థి సర్వ్‌ను తిరిగి కొట్టే రిటర్న్ సంగతి వేరు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన బంతి అవతలి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. ఆ కొద్ది వ్యవధిలో బంతి దిశను కనిపెట్టి, స్ప్లిట్ స్టెప్ (ప్రత్యర్థి కొట్టే క్షణాన వేసే చిన్న గెంతు) నుంచి మొదటి అడుగు వేసి, రాకెట్‌ను సరైన చోటికి తేవాలి. ఆ మొదటి అడుగుకు బలమిచ్చేవి వేగంగా సంకోచించే కండర తంతువులు. ముప్పైలు దాటాక ముందుగా క్షీణించేవి అవే. కోర్టు మూలకు సాగదీసిన బంతిని అందుకొని మళ్లీ మధ్యకు చేరడం, వేగంగా పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగి దిశ మార్చడం కూడా ఆ తంతువుల మీదా, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువుల సాగుదల మీదా ఆధారపడినవే కనుక, వయసు మొదట అక్కడే బయటపడుతుంది. ప్రేక్షకులు టీవీలో సర్వ్ వేగాన్ని చూసి, ఇతను ఇంకా తగ్గలేదని అనుకుంటారు. శిక్షకులం మేము అతను రెండో సర్వ్‌ను ఎక్కడ నిలబడి తిరిగి కొడుతున్నాడో చూస్తాం. మునుపటి కన్నా వెనక్కి జరిగి నిలబడుతున్నాడంటే, మొదటి అడుగు ఆలస్యమవుతున్నదని అతని శరీరమే ఒప్పుకొని సర్దుబాటు చేసుకొంటున్నదన్నమాట.

ఈ నష్టాన్ని అనుభవంతో కొంత పూడ్చుకోవచ్చు. బంతి ఎటు వస్తుందో ముందే ఊహించడం, పాయింట్లను కుదించుకోవడం, నెట్ దగ్గరికి తరచుగా రావడం, పెద్ద రాకెట్‌కు మారడం వంటివి గొప్ప ఆటగాళ్లు చేస్తూనే ఉంటారు. రోజర్ ఫెదరర్ ముప్పైలు దాటాక 97 చదరపు అంగుళాల రాకెట్‌కు మారి, బ్యాక్‌హ్యాండ్‌ను మరింత ధైర్యంగా కొట్టడం నేర్చుకొన్నాడు. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ నడుమ తేరుకోవడానికి పట్టే సమయాన్ని మాత్రం ఏ తెలివితేటలతోనూ తగ్గించలేము.

తేరుకోవడం ఎంత పెద్ద సంగతో చెన్నై ప్రేక్షకులు ఒకసారి కళ్లారా చూశారు. 2008 జనవరిలో నుంగంబాక్కం స్టేడియంలో చెన్నై ఓపెన్ సెమీఫైనల్లో రఫెల్ నాదల్, కార్లోస్ మోయా మూడు సెట్లూ టైబ్రేకులకు (6-6 దగ్గర సెట్‌ను తేల్చే ఆటకు) తీసుకువెళ్లి నాలుగు గంటలకు దగ్గరగా ఆడారు. నాదల్ గెలిచాడు, మరునాడు ఫైనల్లో మిఖాయిల్ యూజ్నీ చేతిలో 6-0, 6-1తో ఓడిపోయాడు. అప్పుడు నాదల్ వయసు 21 ఏళ్లు, ఫ్రెంచ్ ఓపెన్‌లో అతనంత దృఢకాయుడు లేడని ప్రపంచమంతా చెప్పుకొంటున్న రోజులు. చెన్నై ఉక్కపోతలో చెమటతో పోయిన నీరు, లవణాలు, కండరాల్లో తరిగిన గ్లైకోజెన్ అనే శక్తి నిల్వ ఒక్క రాత్రిలో తిరిగి నిండవు. కండరాల్లో కలిగిన సూక్ష్మమైన చిరుగులు మానడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. ఇరవయ్యొక్కేళ్ల వయసులో ఇటువంటి రోజు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. ముప్పై ఆరేళ్ల వయసులో రెండున్నర గంటల మామూలు మ్యాచ్ కూడా అటువంటి మరునాటినే మిగులుస్తుంది.

గ్రాండ్‌స్లామ్ టోర్నమెంటులో పురుషుల సింగిల్స్ గెలవాలంటే రెండు వారాల్లో, అయిదు సెట్ల పద్ధతిలో, ఏడు మ్యాచ్‌లు గెలవాలి. వయసు పైబడిన ఛాంపియన్ మొదటి నాలుగైదు మ్యాచ్‌లు హాయిగా గెలుస్తూ ఉంటే చూసేవారికి ఏ లోటూ కనిపించదు. ఆరో మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి అంతకు ముందు ఖర్చయినదంతా ఒకేసారి లెక్కకు వస్తుంది. 2025లో జకోవిచ్ నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ సెమీఫైనల్ చేరాడు. ఆస్ట్రేలియాలో తొడ కండరం గాయంతో జ్వెరెవ్‌తో మ్యాచ్‌ను మొదటి సెట్ తర్వాత వదిలేశాడు; పారిస్‌లోనూ వింబుల్డన్‌లోనూ సినర్ చేతిలో, న్యూయార్క్‌లో అల్కరాస్ చేతిలో వరుస సెట్లలో ఓడిపోయాడు. ప్రపంచంలో అతన్ని ఓడించగలవారు ఎందరో ఉన్నారని ఈ ఫలితాలు చెప్పడం లేదు. ఆరో మ్యాచ్ నాటికి, తన కన్నా పదిహేనేళ్లకు అటూ ఇటూగా చిన్నవారైన ఇద్దరు అసాధారణ ఆటగాళ్లతో సమానంగా తాజాగా ఉండలేకపోతున్నాడని మాత్రమే చెబుతున్నాయి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, విమర్శకులు ఆ తేడాను తరచుగా విస్మరిస్తున్నారని నా బాధ.

స్కోరును మాత్రమే నమ్మితే ఎంత తప్పుడు నిర్ణయానికి వస్తామో చెప్పడానికి పీట్ సంప్రాస్ జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు. 2000 వింబుల్డన్ తర్వాత రెండేళ్ల పాటు అతను ఒక్క టైటిలూ గెలవలేదు. 2002 వింబుల్డన్‌లో, ఏడుసార్లు తాను గెలిచిన టోర్నమెంటులోనే, రెండో రౌండ్లో 145వ ర్యాంకు ఆటగాడు జార్జ్ బాస్టెల్ చేతిలో ఓడిపోయాడు. ఇక తప్పుకోవాలని పత్రికలు ఘోషించాయి. సంప్రాస్ తన పాత కోచ్ పాల్ అనకోన్‌ను తిరిగి పిలిపించుకొని, సాధనను మళ్లీ గాడిలో పెట్టుకొని, ఆ వేసవి చివర 17వ సీడ్‌గా యూఎస్ ఓపెన్‌లో అడుగుపెట్టి, ఫైనల్లో ఆండ్రె అగస్సీని ఓడించి 14వ గ్రాండ్‌స్లామ్ గెలిచాడు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆ తర్వాత జరిగినది. గెలిచిన వెంటనే అతను వీడ్కోలు ప్రకటించలేదు. మరుసటి ఏడాది ఒక్కో టోర్నమెంటుకూ దూరమవుతూ, వింబుల్డన్‌కు సిద్ధం కావాలని చూసి, మనసు అందుకు సహకరించడం లేదని గ్రహించి, 2003 ఆగస్టులో సెలవు తీసుకొన్నాడు. ఓటమి అతనికి చెప్పలేని సంగతిని సాధన చెప్పింది. 145వ ర్యాంకు ఆటగాడి చేతిలో ఓడినప్పుడు పనికి లేచిన శరీరం, మనసు, ఛాంపియన్‌గా ఉన్నప్పుడు లేవలేదు.

ఫెదరర్ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. 2016లో మోకాలికి శస్త్రచికిత్స జరిగాక, ఆ ఏడాది వింబుల్డన్ తర్వాత ఆరు నెలలు ఆటకు దూరంగా ఉన్నాడు. అప్పటికి అతను చివరి గ్రాండ్‌స్లామ్ గెలిచి నాలుగేళ్లు దాటింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. 2017 జనవరిలో తిరిగి వచ్చి, 35 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో నాదల్‌ను అయిదు సెట్లలో ఓడించాడు. మరుసటి ఏడాది దాన్ని నిలబెట్టుకొని 36 ఏళ్ల వయసులో మళ్లీ నంబర్ వన్ అయ్యాడు. ఆ ఆరు నెలల్లో అతను పొందినది విశ్రాంతి ఒక్కటే కాదు, మ్యాచ్‌ల ఒత్తిడి లేకుండా సాధన చేసే అవకాశం కూడా. ఆ తర్వాత 2020లో రెండుసార్లు, 2021లో ఒకసారి మోకాలికి శస్త్రచికిత్సలు జరిగాయి. వాటి నడుమ ఆడిన 2021 వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో హుబర్ట్ హర్కాజ్ చేతిలో చివరి సెట్‌ను 6-0తో కోల్పోయాడు. 2022 సెప్టెంబరులో లండన్‌లో నాదల్ సరసన డబుల్స్ ఆడి వీడ్కోలు చెప్పేదాకా మరో పోటీ మ్యాచ్ ఆడనే లేదు. 2016 నాటి విరామానికీ, చివరి విరామానికీ తేడా ర్యాంకులో లేదు. మొదటిదాని తర్వాత మోకాలు పూర్తి స్థాయి శిక్షణను భరించింది, రెండోదాని తర్వాత భరించలేదు.

అయితే పూర్తి స్థాయి శిక్షణ అంటే ఏమిటి? సీజన్ విరామంలో, అంటే నవంబరు చివరి నుంచి డిసెంబరు ఆఖరు వరకు ఉండే ఆ కొద్ది వారాల్లో, అగ్రశ్రేణి ఆటగాడు రోజుకు రెండు పూటలా కోర్టులో, మరో పూట జిమ్‌లో పనిచేస్తాడు. సీజన్ మొత్తానికి కావలసిన బలాన్ని ఆ వారాల్లోనే కూడబెట్టుకోవాలి. వయసు వచ్చిన ఆటగాడికి గంటలు తగ్గిస్తాం, పరుగులు తగ్గించి ఈత, సైక్లింగ్ పెంచుతాం, రెండు రోజుల పనికి ఒక రోజు విశ్రాంతి ఇస్తాం, ఇదంతా సహజమే. నేను గమనించేది, వేసుకొన్న ప్రణాళికలో ఎంత భాగం నొప్పి వల్ల ఆగిపోయింది అన్నది. వారంలో ఒక పూట ఆగిపోతే దాన్ని సర్దుకోవచ్చు. ఫోర్‌హ్యాండ్ మెరుగుపరచుకోవాలని మొదలుపెట్టిన వారం మొత్తం మోకాలిని కాపాడుకోవడానికే సరిపోయిందంటే, అటువంటి వారాలు వరుసగా వస్తున్నాయంటే, ఆ ఆటగాడు ఆటను మెరుగుపరచుకోవడం మాని గాయాన్ని సాకడం మొదలుపెట్టాడని అర్థం. మరో గుర్తు కూడా ఉంది. మ్యాచ్ మరునాడు ఉదయం మెట్లు దిగేటప్పుడు, కారులోంచి లేచేటప్పుడు అతని కదలికను చూడండి. వేడెక్కాక ఎవరైనా బాగానే కదులుతారు. శరీరం చల్లబడి ఉన్నప్పటి కదలికే నిజం చెబుతుంది. మెరీనా ఇసుకలో తెల్లవారుజామున ఆటగాళ్లను పరుగెత్తించే మాలాంటివాళ్లం ఆ మొదటి పది నిమిషాలనే ఎక్కువగా చూస్తాం.

సాధన చేయగలగడంతో పాటు చేయాలనిపించడం కూడా ఉండాలి. అగస్సీ 32 ఏళ్ల వయసులో 2003 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, 35 ఏళ్ల వయసులో 2005 యూఎస్ ఓపెన్ ఫైనల్ ఆడగలిగాడంటే, శిక్షకుడు గిల్ రేయెస్ దగ్గర కొండలెక్కుతూ, బరువులెత్తుతూ ఏళ్ల తరబడి ఇష్టపడి చేసిన పనే అందుకు మూలం. 2006లో నడుము నొప్పి ముదిరి, వాపును, నొప్పిని తగ్గించే కార్టిసోన్ ఇంజెక్షన్లతో ఆడవలసిన స్థితి వచ్చినప్పుడు, ఆ యూఎస్ ఓపెనే చివరిదని అతను ముందుగానే చెప్పాడు. ఆ నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ఇంజెక్షన్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కుర్ర ఆటగాళ్ల తల్లిదండ్రులు కూడా ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవడం చూస్తున్నాను. వాపు తగ్గించడానికి వైద్యుడి పర్యవేక్షణలో, ఆ తర్వాత విశ్రాంతి ఇచ్చే ఉద్దేశంతో ఇచ్చే ఇంజెక్షన్ చికిత్స. రేపు మ్యాచ్ ఉంది కనుక నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్ చికిత్స కాదు. కార్టిసోన్ వంటి కార్టికోస్టెరాయిడ్‌ను ఒకే స్నాయువు దగ్గర పదేపదే ఇస్తే ఆ స్నాయువు బలహీనపడి తెగే ప్రమాదం ఉంటుంది. మొద్దుబారిన పాదం నేలను ఎలా తాకుతున్నదో మెదడుకు సరిగా తెలియదు. ఆ లోటును తీర్చడానికి మోకాలు, తుంటి, నడుము అలవాటు లేని భారాన్ని మోస్తాయి. 2022లో నాదల్ ఎడమ పాదం నరాలను మొద్దుబారేలా చేసే ఇంజెక్షన్లతో ఆడి పద్నాలుగో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. ఇకపై ఇలా ఆడలేనని ఆ టోర్నమెంటు ముగియగానే అతనే చెప్పి మరో చికిత్సకు వెళ్లాడు. పద్నాలుగో టైటిల్ కోసం ఒక్కసారి అలా ఆడటాన్ని నేను తప్పుపట్టను. అది అతని శరీరం, అతని నిర్ణయం. దాన్ని అలవాటు చేసుకోనన్నాడు చూడండి, ఆ తెలివి నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

ఆట ముగిశాక ఇంకా నలభై, యాభై ఏళ్ల జీవితం ఉంటుంది. ఆండీ ముర్రే 2019 జనవరిలో, మేజోళ్లు, బూట్లు తొడుక్కోవడానికి కూడా తుంటి నొప్పి అడ్డుపడుతున్నదని కన్నీళ్లతో చెప్పాడు. తుంటికి లోహపు కీలు అమర్చాక తిరిగి వచ్చి అదే ఏడాది ఆంట్‌వెర్ప్‌లో టైటిల్ గెలిచి, 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా ఆడాడు. అతని పట్టుదలకు నమస్కరిస్తాను. కానీ అది అందరికీ చూపించవలసిన దారి అని చెప్పను. కోర్టు బయటి మామూలు పనులకు నొప్పి అడ్డు వస్తున్నదంటే, ర్యాంకు ఎంతైనా సరే, ఆట ఆపి వైద్యుడి మాట వినవలసిన సమయం అది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఆటగాడి ఇష్టానికి వదిలిపెట్టను, నా దగ్గరికి వచ్చినవారికి శిక్షణ ఇవ్వడం ఆపేస్తాను.

మన దేశంలో ఈ చర్చ చేసేటప్పుడు సింగిల్స్, డబుల్స్ తేడాను మరిచిపోతుంటారు. డబుల్స్‌లో ఒక్కొక్కరు కాపాడవలసినది సగం కోర్టే, పాయింట్లు చిన్నవి, సాధారణ టూర్ టోర్నమెంట్లలో మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడతారు, వింబుల్డన్ కూడా 2023 నుంచి పురుషుల డబుల్స్‌ను మూడు సెట్లకు తగ్గించింది. అందుకే మొదటి అడుగు తగ్గినా, కళ్లూ చేతులూ, అనుభవమూ బాగున్నవారు నలభైలలో కూడా అక్కడ రాణించగలరు. మోకాళ్లలో ఎముకల నడుమ మెత్తగా ఉండే కార్టిలేజ్ అరిగిపోయిందని బోపన్న బహిరంగంగానే చెప్పాడు. అయ్యంగార్ యోగాతో కాళ్ల బలాన్ని, సమతూకాన్ని పెంచుకొని, 2024లో 43 ఏళ్ల వయసులో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, డబుల్స్‌లో నంబర్ వన్ అయ్యాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 ఫిబ్రవరిలో, బెంగళూరు కబ్బన్ పార్కు కోర్టుల్లో అదే ఎబ్డెన్‌తో జతకట్టి 46 ఏళ్ల లియాండర్ పేస్ బెంగళూరు ఓపెన్ డబుల్స్ ఫైనల్ చేరాడు. మార్టినా నవ్రతిలోవా 2006 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినప్పుడు ఆమెకు యాభై నిండటానికి నెల రోజులే తక్కువ.

మన హైదరాబాదీ సానియా మీర్జా ఈ మార్పును ఎంతో ముందుచూపుతో చేసింది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లిన ఆమె, మణికట్టు, మోకాలి గాయాల తర్వాత సింగిల్స్ భారాన్ని శరీరం మోయలేదని గ్రహించి 2013లో దాన్ని వదిలేసింది. అప్పుడు ఆమెకు 26 ఏళ్లు. ఆ నిర్ణయం వల్లే 2015లో డబుల్స్ నంబర్ వన్ కాగలిగింది. బిడ్డ పుట్టిన తర్వాత తిరిగి వచ్చి 2020 జనవరిలో హోబార్ట్‌లో గెలవగలిగింది. తప్పుకోవడమంటే ఒకే రోజున అన్నీ వదిలేయడమే కానవసరం లేదని, శరీరం ఏది భరించలేకపోతున్నదో దాన్ని ముందు వదలవచ్చని ఆమె జీవితం చూపింది.

ఇక శిఖరాన ఉండగానే వెళ్లిపోవాలన్న వాదం గురించి. యాష్ బార్టీ 2022లో నంబర్ వన్‌గా, 25 ఏళ్లకే, ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన రెండు నెలలకు ఆట మానేసింది. ఫ్లావియా పెనెట్టా 2015 యూఎస్ ఓపెన్ గెలిచి, ట్రోఫీ అందుకొంటూనే తన నిర్ణయం చెప్పింది. వీరిని నేను గౌరవిస్తాను, కానీ వారు వెళ్లిపోయింది శిఖరాన ఉన్నందుకు కాదు. ఇంకా శ్రమ పడాలన్న కోరిక తీరిపోయినందుకు. కోరిక తీరకుండానే, పేరు చెడుతుందేమోనన్న భయంతో వెళ్లిపోయినవారికి ఆ వెలితి చాలాకాలం ఉండిపోతుంది. జస్టిన్ హెనిన్ 2008లో నంబర్ వన్‌గా తప్పుకొని 2010లో తిరిగి వచ్చి, ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లి, మోచేతి గాయంతో మరుసటి ఏడాది మళ్లీ ఆగిపోయింది. బ్యోర్న్ బోర్గ్ 26 ఏళ్లకే తప్పుకొని, 1991లో చెక్క రాకెట్‌తో మాంటెకార్లోలో తిరిగి ఆడి మొదటి రౌండ్లోనే ఓడిపోయాడు. ఎనిమిదేళ్లలో ఆట మొత్తం మారిపోయింది. ఆ ఓటమి వల్ల బోర్గ్ వరుసగా గెలిచిన అయిదు వింబుల్డన్‌లలో ఒక్కటైనా తగ్గిందా? చివరి రోజుల ఓటములతో కీర్తి మాసిపోతుందన్న మాటకు టెన్నిస్ చరిత్రలో నాకు ఆధారం దొరకలేదు. సెరెనా విలియమ్స్ తల్లి అయ్యాక నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఓడిపోయింది; ఆమె 23 టైటిళ్లు అలాగే ఉన్నాయి. పైగా ఆ నాలుగు ఫైనల్స్ చూసి ధైర్యం తెచ్చుకొన్న తల్లులు ఎందరో ఉన్నారు.

చెన్నైవాడిగా మరో మాట కూడా చెప్పాలి. 1993లో ఫ్రాన్స్‌ను వారి మట్టి కోర్టుల మీదే ఓడించిన మన డేవిస్ కప్ జట్టులో 32 ఏళ్ల రమేశ్ కృష్ణన్, 20 ఏళ్ల పేస్ పక్కపక్కన ఆడారు; రమేశ్ ఆ ఏడాదే ఆట నుంచి తప్పుకొన్నాడు. అప్పటికే కొన్నేళ్ల కిందట శిఖరం దాటిపోయింది కదా అని అతను ముందే వెళ్లిపోయి ఉంటే, ఆ కుర్రవాడి పక్కన అంత అనుభవం ఉన్న మనిషి ఉండేవాడు కాడు.

కుర్రవాళ్ల చోటు అన్న రెండో ప్రశ్నకు నా సమాధానం చిన్నది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ డ్రాలో 128 మంది ఉంటారు. వారిలో 104 మంది ర్యాంకుతో నేరుగా వస్తారు, 16 మంది క్వాలిఫయింగ్ గెలిచి వస్తారు, 8 మందికి నిర్వాహకులు వైల్డ్‌కార్డ్ ఇస్తారు. ర్యాంకు గడిచిన 52 వారాల ఫలితాల మీద లెక్కించేది కనుక, ఆ దారిలో వచ్చినవాడు ఎవరి చోటునూ తీసుకోలేదు, గెలుచుకొన్నాడు. వైల్డ్‌కార్డ్ సంగతి వేరు, అది ఒకరి చేతిలోని దయ. జిమ్మీ కానర్స్ 1991లో 174వ ర్యాంకుతో, వైల్డ్‌కార్డ్ మీద వచ్చి 39 ఏళ్ల వయసులో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ చేరాడు కనుక, పెద్దవారికి అది ఇవ్వనే కూడదని అనలేను. ఒక ఛాంపియన్ తన ఊరి ప్రేక్షకుల ముందు ఒకసారి వీడ్కోలు ఆడటానికి ఇస్తే ఎవరికీ నష్టం లేదు. ఏటేటా అదే పేరుకు ఇస్తూ పోతే, ముఖ్యంగా మన చెన్నై, బెంగళూరుల్లో జరిగే, ప్రధాన టూర్‌కు కింది మెట్టైన ఛాలెంజర్ టోర్నమెంట్లలో, ఒక పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి ఆ ఏడాది దొరకగల ఏకైక అవకాశం పోతుంది. అది నాకు సమ్మతం కాదు.

జకోవిచ్ ర్యాంకుతో వస్తున్నాడు. 2024 జూన్‌లో మోకాలి మెనిస్కస్‌కు (కీలులోని మెత్తటి పొరకు) శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాలకే వింబుల్డన్ ఫైనల్ ఆడి, ఆగస్టులో 37 ఏళ్ల వయసులో అల్కరాస్‌ను ఓడించి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడంటే, గాయం నుంచి తేరుకొని మళ్లీ సాధనలోకి దిగగల శక్తి అతనిలో ఉన్నట్టే. టోర్నమెంట్ల సంఖ్యను తగ్గించుకోవడం కూడా ఆ తెలివిలో భాగమే.

ఎవరు చెప్పాలన్న ప్రశ్న అన్నింటికన్నా కష్టమైనది. కోచ్, ఫిజియో, శిక్షకుడు, మేనేజరు, వీరందరి జీతమూ ఆటగాడు ఆడుతుండటం మీదే ఆధారపడి ఉంటుంది. వారు చెడ్డవారు కాకపోయినా, రేపటి సంపాదన పోతుందన్న ఆలోచన వారి సలహాలో తెలియకుండానే చేరుతుంది. కుటుంబ సభ్యులు ప్రేమ వల్ల అయితే త్వరగా ఆపేయమంటారు, లేదా అభిమానం వల్ల ఎప్పటికీ ఆపవద్దంటారు. అందువల్ల ఆ జట్టు నుంచి జీతం తీసుకోని ఒక వైద్యుడి చేత ఏడాదికి ఒకసారి కీళ్లు, స్నాయువులు పరీక్ష చేయించాలని నేను పట్టుబడతాను. ఓడిన రాత్రి నిర్ణయం తీసుకోవద్దంటాను, గెలిచిన రాత్రి కూడా వద్దంటాను. సీజన్ ముగిశాక ఒక పూర్తి సన్నాహక విరామాన్ని నిజాయితీగా ప్రయత్నించి, ఆ తర్వాతే మాట్లాడుకొందామంటాను.

ప్రకటన విషయంలోనూ తొందర అనవసరం. 2022 జనవరిలో ఆ ఏడాదే తన చివరిదని చెప్పిన సానియా, ఆ వెంటనే ప్రతి విలేకరీ అదే అడుగుతుంటే, చెప్పడంలో తొందరపడ్డానేమోనన్నది. మోచేతి గాయం వల్ల ప్రణాళిక మారి, చివరికి 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆపింది. పైగా అధికారికంగా రిటైరై డోపింగ్ పరీక్షల జాబితా నుంచి బయటకు వచ్చిన ఆటగాడు తిరిగి పోటీ చేయాలంటే ఆరు నెలల ముందు తెలియజేసి పరీక్షలకు అందుబాటులో ఉండాలి. గాయంతో ఆరు నెలలు లేదా అంతకు మించి దూరమైనవారికి, గాయానికి ముందటి స్థాయి ర్యాంకుతో కొన్ని టోర్నమెంట్లలోకి రానిచ్చే రక్షిత ర్యాంకు సౌకర్యం ఉంది కనుక, సందేహంలో ఉన్నవారు ముందు దాన్ని వాడుకోవచ్చు.

నా వరకు నేను చేసే పని ఒకటే. నా దగ్గర సాధన చేసే ప్రతి ఆటగాడికీ ఒక పుస్తకం ఉంటుంది. అనుకొన్న పని ఎంత, చేసింది ఎంత, ఎక్కడ నొప్పితో ఆపాము, మ్యాచ్ తర్వాత పూర్తి వేగంతో పరుగెత్తడానికి ఎన్ని రోజులు పట్టింది, ఏ మందు వాడాము అన్నవి అందులో రోజూ రాస్తాను, ఆటగాడి చేత సంతకం పెట్టిస్తాను. తప్పుకోమని నేను ఎవరికీ చెప్పను. డిసెంబరు చివర ఆ ఏడాది పేజీలను, అంతకు ముందు రెండేళ్ల పేజీలను పక్కపక్కన పెట్టి అతని చేతికి ఇచ్చి, ఇంటికి తీసుకువెళ్లి తీరికగా చదవమంటాను.